ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ల్యాబ్ పరీక్షకు శాంపిల్ సరిగ్గా తీసే పద్ధతి

ఐదు వేల కిలోమీటర్లకే మార్చేయాలంటాడు మెకానిక్. సింథటిక్ పోశాం కదా, ఇరవై వేలు లాగేయొచ్చంటాడు పక్కింటాయన. ఇద్దరూ డిప్‌స్టిక్ బయటికి లాగి, రెండు వేళ్ల మధ్య ఆయిల్ రుద్ది, వాసన చూసి తీర్పు చెప్పేస్తారు. అలా రుద్దితే చేతికి మసి అంటడం తప్ప తెలిసేదేమీ లేదు. డీజిల్ కారులో కొత్త ఆయిల్ పోసిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసి ఎక్కడా పేరుకోకుండా తనలో కలుపుకుని మోయడం ఆయిల్ పని. నల్లబడిందంటే ఆ పని చేస్తోందనే అర్థం.

ఆయిల్‌లో ఇంకా సత్తువ ఉందో లేదో తెలియాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండె రైల్వే 1946లోనే డీజిల్ ఇంజన్ల ఆయిల్‌లో లోహాలు కొలిచి, ఏ ఇంజన్ లోపల ఏది అరుగుతోందో ముందే పసిగట్టింది. మన రైల్వే డీజిల్ షెడ్లలో కూడా ఇలా లోహాలు కొలిచే స్పెక్ట్రో పరీక్ష రోజువారీ పనే. లారీలు, జనరేటర్లు నడిపే పెద్ద కంపెనీలూ చేయిస్తాయి. సొంత కారుకి చేయించేవాళ్లే తక్కువ. వాళ్లలోనూ చాలామంది శాంపిల్ తీసేటప్పుడే మొత్తం పాడు చేసి, తర్వాత రిపోర్టు చూసి టెన్షన్ పడతారు.

కావలసినవి

కొత్త శాంపిల్ సీసా (ల్యాబ్ ఇచ్చినదైతే మేలు), ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకి సరిపోయే పానా, కొత్త వాషర్, కొత్త ఆయిల్ ఫిల్టర్, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్, ఆయిల్ పట్టే ట్రే, గరాటు, పీచు రాలని గుడ్డ, మందపాటి గ్లౌజులు. కారు కిందికి దూరాలంటే జాకీతో పాటు స్టాండ్లు ఉండాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద పడుకునేవాళ్లకి నేను చెప్పగలిగేదేమీ లేదు.

మొదటి పని: ల్యాబ్‌తో మాట్లాడటం

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండి, లూబ్రికెంట్లు పరీక్షించే ల్యాబ్ చూసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ పని తేలిక. ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లోని బ్లాక్‌స్టోన్ లాంటి ల్యాబ్‌కి సీసా పోస్టులో పంపితే సరిపోతుంది. ఇక్కడైతే ముందుగా ఫోన్ చేసి, ఒక్క కారు శాంపిల్ తీసుకుంటారో లేదో కనుక్కోవాలి.

అడగాల్సిన పరీక్షలు ఇవి: లోహాలు, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం, టీబీఎన్, నీరు, కూలెంట్, ఇంధనం కలిసిన శాతం. డీజిల్ కారైతే మసి కూడా. కొన్నిచోట్ల టీబీఎన్‌కి వేరే డబ్బులు తీసుకుంటారు. అక్కడ మిగుల్చుకోవాలని చూడకండి. ఆమ్లాలను విరిచే శక్తి ఆయిల్‌లో ఎంత మిగిలిందో చెప్పే అంకె అదే. అది లేని రిపోర్టు పట్టుకుని ఆయిల్ మార్చే గడువు పెంచడం గుడ్డిగా నడపడమే.

కొత్త డబ్బా మూత తీసినప్పుడు అందులోంచి కూడా ఓ సీసాడు పంపండి. దండగ ఖర్చు అనిపిస్తుంది గానీ, టీబీఎన్ ఎనిమిదితో మొదలైందో పదితో మొదలైందో తెలియకుండా ఇప్పుడు ఐదుందంటే ఏం అర్థం చేసుకుంటాం?

రెండో పని: శాంపిల్ తీయడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఒక చిన్న లెక్క చూడండి. 100 మిల్లీలీటర్ల ఆయిల్ బరువు 85 నుంచి 90 గ్రాములు. అందులో 2 మిల్లీగ్రాముల సిలికాన్ కలిస్తే చాలు, రిపోర్టులో 20 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో 20 వంతులకి) పైగా పెరుగుతుంది. డ్రెయిన్ బోల్టు చుట్టూ అట్టకట్టిన రోడ్డు దుమ్ములోంచి అంతమాత్రం రాలడానికి ఒక్క చుక్క పక్కకి జారితే సరిపోతుంది. తర్వాత ఆ రిపోర్టు చూసి ఎయిర్ ఫిల్టర్ చిరిగిందని, ఇంజన్ దుమ్ము తింటోందని కంగారు. నీటి లెక్క ఇంకా దారుణం. కడిగిన సీసాలో ఒక్క మిల్లీలీటరు తడి మిగిలినా అది 1 శాతం. ఆయిల్‌లో నీరు 0.2 శాతం ఉంటేనే ప్రమాదం కింద లెక్క. కూల్‌డ్రింక్ సీసా, దగ్గుమందు సీసా, మినరల్ వాటర్ సీసా, ఎంత శుభ్రంగా కడిగి ఎండబెట్టినా సరే, వద్దు.

ముందు కారుని కనీసం ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడపండి. ఇంటి ముందు ఆన్ చేసి వదిలేస్తే కుదరదు. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. బాగా తిరిగిన ఆయిల్‌లోనే లోహపు నలుసులు, మసి సమంగా కలిసి ఉంటాయి. నడిపి వచ్చాక పది, పదిహేను నిమిషాల్లోపు తీసేయాలి. రాత్రి ఆపిన కారు దగ్గరికి పొద్దున్నే వెళ్లి బోల్టు విప్పితే, అడుగున పేరుకున్నదంతా ముందు వస్తుంది.

శాంపిల్‌కి ముందు ఆయిల్ టాప్ అప్ చేయకండి. ముందెప్పుడైనా పోసి ఉంటే ఎంత పోశారో రాసి పెట్టుకోండి. అర లీటరు కొత్త ఆయిల్ కలిసిందంటే ఇనుము తగ్గినట్టు, టీబీఎన్ పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కింద బోల్టు చుట్టూ గుడ్డతో తుడవండి. ఒకసారి తుడిచి, గుడ్డ తిప్పి మళ్లీ తుడవండి. బోల్టు తల మీది గుంటలో, వాషర్ అంచులో ఇరుక్కున్న మట్టి కూడా పోవాలి. గ్లౌజులు వేసుకుని పానాతో వదులు చేసి, చివరి చుట్లు చేత్తో తిప్పుతూ బోల్టుని పైకి అదిమి పట్టుకుని, ఒక్కసారిగా పక్కకి లాగండి. ఆయిల్ 90 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది, మణికట్టు దాకా కారితే బొబ్బలెక్కుతాయి. ముందు వచ్చే ధారని ట్రేలోకి వదిలేయండి. ఉన్న ఆయిల్‌లో మూడో వంతు పోయాక, ధార మధ్యలో సీసా పెట్టి ముప్పావు వంతు పట్టండి. సాంబారు రుచి చూడాలంటే కలిపి మధ్యలోంచి తీస్తాం గానీ అడుగు గీకం కదా. సీసా అంచు బోల్టు రంధ్రానికి తగలకూడదు. వెంటనే మూత పెట్టేయండి. ఆ సీసా మూత అప్పటిదాకా నేల మీద బోర్లా పడి ఉండకూడదు, జేబులోనూ ఉండకూడదు.

ట్రేలోంచి ముంచి తీసింది శాంపిల్ కాదు. పాత ఫిల్టర్ పిండి తీసింది అసలే కాదు. గ్యారేజీ కుర్రాడు ‘మీరు కూర్చోండి సార్, నేను పట్టిస్తా’ అంటే నవ్వి ఊరుకోండి, సీసా మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. అతను పట్టేది ముందు మార్చిన కార్ల ఆయిల్ కూడా కలిసిన పీపాలోంచి.

డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతి పంపుతో లాగే పద్ధతి కూడా ఉంది. ఆయిల్ మార్చకుండా మధ్యలో చూడాలనుకుంటే దానికి వేరే దారి లేదు. అప్పుడు ప్రతిసారీ కొత్త ట్యూబు వాడాలి. డిప్‌స్టిక్ పక్కన పెట్టి కొలుచుకుని, కొస చాంబర్ అడుగుకి తగలకుండా దింపాలి. మొదట వచ్చిన కాస్త పారబోసి ఆ తర్వాతది పట్టాలి. ఇది శుభ్రమైన పద్ధతని వాదించేవాళ్లున్నారు. ఎలాగూ ఆయిల్ మార్చే రోజున ధారలోంచి పట్టగలిగినదానికి పంపులు, ట్యూబులు ఎందుకో నాకైతే అర్థం కాదు. ఏ పద్ధతి పట్టుకున్నా ప్రతిసారీ అదే పాటించండి, లేకపోతే రిపోర్టులు ఒకదానితో ఒకటి పోల్చలేం.

తర్వాతది అందరికీ తెలిసిందే. కొత్త వాషర్‌తో బోల్టు బిగించడం, ఫిల్టర్ మార్చడం, ఆయిల్ పోసి, కాసేపు ఇంజన్ తిప్పి ఆపి, కొద్దిసేపటికి లెవెల్ చూడటం.

మూడో పని: చీటీ రాసి పంపడం

సీసా మీద తేదీ, కారు మోడల్, మొత్తం కిలోమీటర్లు, ఈ ఆయిల్ మీద తిరిగిన కిలోమీటర్లు, ఆయిల్ బ్రాండు, గ్రేడు, టాప్ అప్ రాయండి. రెండు జిప్ కవర్లలో వేసి, చుట్టూ కాగితం కుక్కి పంపండి. ద్రవాలు తీసుకుంటారో లేదో కొరియర్‌ని ముందే అడగండి. ‘తేనె’ అని అబద్ధం చెప్పి పంపే తెలివి మాత్రం వద్దు.

నాలుగో పని: రిపోర్టు చదవడం

ఇనుము సిలిండర్ల నుంచి, క్రాంక్, క్యామ్ షాఫ్టుల నుంచి వస్తుంది. రాగి, సీసం, తగరం బేరింగుల నుంచి, అల్యూమినియం పిస్టన్ల నుంచి, క్రోమియం రింగుల నుంచి. అంకె ఒక్కటే చూసి బెదరకండి, కిలోమీటర్లతో భాగించండి. 10,000కి 20 పీపీఎం ఇనుము, 5,000కి 10 పీపీఎం ఇనుము ఒకటే.

సిలికాన్, అల్యూమినియం కలిసి పెరిగితే దుమ్ము లోపలికి వెళ్తోందని అనుమానించాలి. తాండూరు, పల్నాడు రాతి క్వారీల దారుల్లో తిరిగే కార్లకి ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే కాదు, దాని డబ్బా మూత క్లిప్పులు, గొట్టం బిగింపు కూడా చూడాలి. సిలికాన్ ఒక్కటే పెరిగి, కారు కొత్తదైతేనో ఈమధ్య ఇంజన్ విప్పి ఉంటేనో అది సీలెంట్ నుంచి కావచ్చు. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలుస్తోందేమో చూడాలి. అయితే కొన్ని ఆయిళ్లలో సోడియం మొదట్నుంచే ఉంటుంది. కొత్త ఆయిల్ శాంపిల్ పంపమన్నది అందుకే.

చిక్కదనం విషయానికొస్తే, 5డబ్ల్యూ-30 లాంటి 30 గ్రేడు 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. అంతకంటే పలచబడితే ఇంధనం కలిసిన శాతం చూడండి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి ఇది పెద్ద తలనొప్పి. పొగగొట్టంలో మసిని పట్టి ఆపే ఫిల్టర్ డీపీఎఫ్. అందులో చేరిన మసి కాల్చడానికి చాలా కార్లలో ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా వెళ్లి ఆపేసే కారులో ఆ కాల్చే పని పూర్తికాక మళ్లీ మళ్లీ మొదలవుతుంది. డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగితే భలే ఇంజన్ అని మురిసిపోకండి, అది డీజిల్. 2 శాతం దాటితే గడువు తగ్గించాలి. 4 దాటితే ఆ వారమే ఆయిల్ మార్చి, కారణం వెతకాలి.

ఈ రిపోర్టుకి ఒక లోటుంది. ల్యాబ్ యంత్రం కొన్ని మైక్రాన్ల సన్నటి నలుసులనే లెక్కపెడుతుంది, పెద్ద రజను దానికి కనబడదు. అందుకే పాత ఫిల్టర్ కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. మెరిసే తునకలు ఉంటే రిపోర్టు బాగుందని ఊరుకోవద్దు.

ఐదో పని: గడువు నిర్ణయించడం

కారు వారంటీలో ఉంటే ఇది మీకు కాదు. రిపోర్టు ఎంత బాగున్నా మాన్యువల్ గడువు దాటించకూడదు. రేపు ఇంజన్‌కి ఏమైనా అయితే మీ కాగితం ఎవరూ చూడరు.

వారంటీ అయిపోయినా ఒక్క రిపోర్టుతో ఏదీ మార్చకండి. కనీసం మూడు వరసగా ఉండాలి. చాలా మాన్యువళ్లు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. దుమ్ము, ట్రాఫిక్, చిన్న చిన్న ప్రయాణాలు ఉంటే ఇంకా ముందే మార్చమని వేరే పట్టిక కూడా ఇస్తాయి, దాన్ని ఎవరూ చదవరు. సిటీలో సగటు వేగం గంటకి 20 అనుకుంటే 10,000 కిలోమీటర్లకి ఇంజన్ 500 గంటలు తిరుగుతుంది. విజయవాడ హైవే మీద 60 సగటుతో అదే దూరానికి దాదాపు 167 గంటలే. మీటరు ఒకటే చూపించినా ఆయిల్ పడ్డ కష్టంలో మూడు రెట్ల తేడా.

టీబీఎన్ కొత్తదానిలో సగానికి వచ్చిందంటే అదే మీ గడువు. మూడుసార్లూ సగం పైనే ఉండి, చిక్కదనం గ్రేడులోనే ఉండి, లోహాలు నిలకడగా ఉంటే వెయ్యి కిలోమీటర్లు పెంచి మళ్లీ పరీక్షించండి. ఒకేసారి ఐదు వేలు పెంచడం తెగింపు. ఏడాది మాత్రం దాటించవద్దు, కారు షెడ్డులోనే ఉన్నా సరే. డీపీఎఫ్ ఉన్న కారుకి మాన్యువల్ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయండి. టీబీఎన్ ఎక్కువ ఉందని లారీల ఆయిల్ పోస్తే, గడువు పెరగడం అటుంచి డీపీఎఫ్ బూడిదతో పూడుకుపోతుంది. సీసాల్లో అమ్మే ఆయిల్ సప్లిమెంట్లు కలిపితే రిపోర్టులోని అంకెలన్నీ కలగాపులగమవుతాయి, కాబట్టి అవి కొననే వద్దు.

ఇక పాత ఆయిల్ మిగులుతుంది. చెదలు పట్టకుండా తలుపు చట్రాలకి పూస్తామని, సెంట్రింగ్ చెక్కలకి రాస్తామని అడిగేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. వాడిన ఆయిల్ మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం, 2016 నిబంధనల్లో ఉంది. కాలవలో పోయకుండా, ఎవరికీ ఇవ్వకుండా, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే తిరిగి నింపి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కి పంపే సర్వీస్ సెంటర్‌లో అప్పజెప్పండి.