టోపీ తుపాకీ రెండో దెబ్బకే పేలుతుంటే: నా అనుభవం

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్ వైపు. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సుతో మజిల్ లోడర్ (మూతి నుంచి మందు దట్టించే తుపాకీ) ఉంచుకున్నాం. సుత్తి కొట్టే మొదటి దెబ్బకు క్యాప్ (మందును అంటించే చిన్న లోహపు టోపీ) పేలదు, రెండో దెబ్బకు పేలుతుంది. మందు మార్చాం, గొట్టం కడిగాం, ఇంకో డబ్బా క్యాపులు కొన్నాం. లాభం లేదు.

రెండో దెబ్బకు పేలడమే అసలు గుర్తు. క్యాప్ నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టపు మొన) మీద పూర్తిగా దిగడం లేదన్నమాట. మొదటి దెబ్బ దాన్ని కిందికి నెట్టడానికే ఖర్చయిపోతుంది.

ముందు గొట్టంలో కడ్డీ వేసి, తుపాకీ ఖాళీ అని నిర్ధారించుకున్నాం. నిపుల్ ఊడదీస్తే దాని కొన దెబ్బలకు అణిగి, అంచులు వెడల్పయి ఉన్నాయి. లైసెన్సున్న మెకానిక్ చేత కొత్తది వేయించాం. తర్వాత 10, 11 నంబర్ల క్యాపులు రెండూ పెట్టి చూశాం. క్యాప్ అడుగు నిపుల్ కొనకు ఆనాలి, తుపాకీ వంచినా రాలకూడదు. మాకు 11 కుదిరింది. ఆపైన నిపుల్ రంధ్రంలో నూనె తుడిచి, ఖాళీ తుపాకీ మీద ఒక క్యాప్ పేల్చాం. మూతి ముందున్న గడ్డిపోచ కదిలింది, అంటే దారి తెరిచి ఉంది. అప్పటినుంచి మొదటి దెబ్బకే పేలుతోంది.

ఒకే నంబరైనా కంపెనీని బట్టి కొలత మారుతుంది, మా 11 మీకు కుదరకపోవచ్చు. సుత్తి స్ప్రింగ్ బలహీనమైతే ఇదేమీ పనిచేయదు. పేలకపోతే మాత్రం మూతి మనుషులు లేని వైపే ఉంచి, కనీసం నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.