విదేశంలో పాఠాలు చెబుతున్నారా? పండగ సెలవు ముందే పట్టేయండి

మన పండగ అక్కడివాళ్లకు మామూలు పనిదినమే. కాబట్టి కొత్త విద్యా సంవత్సరం క్యాలెండర్ చేతికి రాగానే మీ పండగ తేదీలన్నీ అందులో గుర్తు పెట్టుకోండి. పరీక్షల వారంలో పడినదానికి సెలవు అడిగి లాభం లేదు, దగ్గర్లోని ఆదివారానికి జరుపుకోవడమే నయం. మిగతావాటికి అప్పుడే మెయిల్ పెట్టేయండి. ఆ రోజు మీ క్లాసు ఎవరు చూస్తారో, ఏ పాఠం చెప్పాలో కూడా రాసిస్తే ప్రిన్సిపాల్ కాదనడానికి పెద్దగా సాకు మిగలదు. చాంద్రమానం పండగలైతే తేదీ ఏటా మారుతుంది. పైగా మీరున్న చోటి సూర్యోదయాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, అక్కడి లెక్కే చూసుకోండి.

పిల్లలతో క్లాసులో జరపాలనుకుంటే మంట జోలికి మాత్రం వెళ్లకండి. కాస్త పొగ తగిలినా ఫైర్ అలారం మోగి బిల్డింగ్ మొత్తం ఖాళీ చేయిస్తారు! బ్యాటరీ దీపాలు చాలు. తినేవి పంచాలంటే ముందు ఆఫీసులో అడగాలి. వేరుశనగ, జీడిపప్పు, పాలు పడని పిల్లలుంటారు, అందుకే ఏమేం వేశారో చీటీ మీద రాసి డబ్బాకు అంటించండి. పూజ చేయించడం కన్నా పండగ కథ చెప్పి, బొమ్మలు వేయించడం మేలు, తల్లిదండ్రుల నుంచి పేచీ రాదు.

ఇంటికి వీడియో కాల్ టైమ్ ముందే ఖాయం చేసుకోండి. యూరప్‌లో చాలా దేశాల్లో మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో గడియారం గంట జరుగుతుంది, అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. మన దగ్గర గడియారం మారదు కాబట్టి ఇంటితో టైమ్ తేడా కూడా గంట మారిపోతుంది.