ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ క్రాష్ అవుతోందా? చేయి పెట్టే ముందు ఇవి చూసుకోండి

ప్రాజెక్టు సబ్మిషన్లు దగ్గర పడ్డాయి, టెన్షన్‌లో ఏదో ఒకటి నొక్కేయకండి.

– ముందు ఫైళ్లు. విండోస్ రీసెట్‌లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' నొక్కితే ఏడాది పని పోయినట్టే, కాబట్టి వేరే కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, ల్యాప్‌టాప్‌ని దాంతో బూట్ చేసి, అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే మిగతా పనులు.

– బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో చూసుకోవచ్చు. అది చేతిలో లేకుండా బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) ఏదీ మార్చొద్దు, ఆ మార్పుకే డిస్క్ లాకై కీ అడగొచ్చు.

– బ్లూ స్క్రీన్ మీది స్టాప్ కోడ్‌ని (ఎర్రర్ పేరుని) ఫోటో తీయండి. కారణం వెతకాలంటే అదే ఆధారం.

– ప్రింటర్, పెన్‌డ్రైవ్, డాక్ అన్నీ పీకేసి ఒకసారి ఆన్ చేయండి. ఒక్కోసారి గొడవ వాటిదే.

– ఛార్జర్ పెట్టే ఉంచండి. బయోస్ అప్‌డేట్ మధ్యలో పవర్ పోతే మదర్‌బోర్డుకే ముప్పు.