రేవు పిల్లిని పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు పట్టుకోవడం ఎలా?

కావలసినవి: మీట తొక్కితే తలుపు పడే బోను (ఎలుకల బోను కాదు), పాత దుప్పటి, న్యూస్ పేపరు, నాలుగు కవళ్లు (చిన్న చేపలు). పశువుల డాక్టరుతో ముందే రోజు ఖాయం చేసుకోండి.

మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. మిగతా రోజుల్లో చేపల తలలు, పేగులు తిని కడుపు నిండిన పిల్లి బోను వంక కూడా చూడదు. అందుకే నేను నిషేధంలోనే బోను తీస్తాను. అదీ పొద్దు వాలాకే. ఎండలో ఇనుప బోను పెనం.

ఎరకు కవళ్లే, కాస్త కాల్చి. పాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పుచేప అసలే వద్దు.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. మా కుర్రాళ్లయితే విసురువల తెస్తారు. వల కన్నుల్లో గోళ్లు ఇరుక్కుని పిల్లి విలవిల్లాడుతుంది, ఇంకెప్పుడూ మనిషి దగ్గరికి రాదు. వలతో చేపల్ని పట్టుకోండి చాలు. బోనునే తిండి దొరికే చోటుగా అలవాటు చేయాలి. మూడు నాలుగు రోజులు తలుపు పైకెత్తి తాడుతో కట్టేసి, రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి తిండి పెట్టాలి. మొదటి రోజు గుమ్మంలో, తర్వాత నడుమ, చివరికి మీటకు అవతల. నాలుగు కాళ్లూ లోపలికొచ్చాకే మీట తొక్కాలి, లేదంటే తలుపు నడుం మీద పడుతుంది. మీట మీద పేపరు పరచండి. పట్టే రోజు తాడు విప్పి, బొటనవేలంత ముక్కే పెట్టండి, మత్తుకు కడుపు ఖాళీగా ఉండాలి.

తలుపు పడగానే పిల్లి ఎగిరెగిరి కొట్టుకుంటుంది. దగ్గరికెళ్లి తొంగి చూడొద్దు, వేలు పెట్టొద్దు. దుప్పటి కప్పేయండి, చీకట్లో కాసేపటికి సద్దుమణుగుతుంది. గోనెలోకి మార్చాలని చూస్తే మిమ్మల్నే కరుస్తుంది. కరిస్తే పావుగంట సబ్బునీళ్లతో కడిగి, వెంటనే టీకాకు వెళ్లాలి.

కప్పేముందు ఒక్క చూపు. పొట్ట కింద చనుమొనల చుట్టూ వెంట్రుకలు రాలి ఉంటే పాలిచ్చే తల్లి, వదిలేయండి. ఏ బోటు కిందో పిల్లలు ఎదురుచూస్తుంటాయి. కానీ నెలల తరబడి వాయిదా వేయొద్దు. పాలిస్తూనే మళ్లీ చూలు కడుతుంది, రెండు నెలలకే ఇంకో ఈత.

ఆపరేషన్‌లో ఎడమ చెవి కొస కత్తిరించమని డాక్టరుకు చెప్పండి, అదే గుర్తు. తేరుకున్నాక పట్టిన చోటే వదలాలి, పక్క పేటలో కాదు.

నిరుడు తొందరలో చెవి చూడకుండా ఒకే పిల్లిని రెండుసార్లు ఆసుపత్రికి మోసుకెళ్లాను. చెవి కోసినది మళ్లీ బోనులోకొస్తే కసురుకోకండి, కవళ్ల కోసం వచ్చింది. తిననిచ్చి తలుపెత్తండి.