పాత కోర్టు తీర్పు నేటి భూతగాదాకు అడ్డు వస్తుందా? తేల్చుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో భూమి తగాదా మొదలైతే, ‘ఇది మా తాతగారి కాలంలోనే కోర్టులో తేలిపోయింది’ అనే మాట వస్తుంది. ఆ తీర్పు ఇప్పటి దావాకు నిజంగా అడ్డు వస్తుందా అన్నది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ ప్రకారం చూడాలి. ఒకసారి అంతిమంగా తేలిన వివాదాన్ని అవే పక్షాల మధ్య మళ్లీ విచారించకూడదన్న ఈ నియమాన్నే న్యాయవాదులు రెస్ జుడికేటా అంటారు.

మొదట పాత కేసు కాగితాలకు ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. తీర్పు, డిక్రీ (తీర్పు ఫలితాన్ని లాంఛనంగా రాసిన ఉత్తర్వు) మాత్రమే చాలవు; దావా, జవాబు దావా, కోర్టు ఖరారు చేసిన ఇష్యూలు, అంటే తేల్చవలసిన వివాదాంశాలు కూడా కావాలి. అప్పీలు జరిగి ఉంటే దాని తీర్పూ తేవాలి, ఎందుకంటే అప్పీలు నడుస్తున్నంత కాలం కింది కోర్టు తీర్పు అంతిమం కాదు.

తర్వాత భూమి అదేనని నిర్ధారించుకోవాలి. 1936 ఏప్రిల్ 1 వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. నాటి తీర్పులో సర్వే నంబరు ఉంటే, నేటి ఒడిశా పట్టాలో మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా, ప్లాట్ నంబర్లు ఉంటాయి. సాబిక్ అనే పాత నంబరుకు, హాల్ అనే కొత్త నంబరుకు ఉన్న పొంతనను రెవెన్యూ రికార్డులో చూసి, ‘తూర్పున గెడ్డ, పడమర ఫలానావారి మెరక’ అని తీర్పులో రాసిన హద్దులను పొలంలో నిలబడి సరిచూసుకోండి. ఈ పని బద్ధకించి వదిలేస్తే గట్టి తీర్పు కూడా చేతికి అందదు.

ఆపైన కక్షిదారులను చూడాలి. పాత తీర్పు నాటి వాది, ప్రతివాదులను, వారి ద్వారా హక్కు పొందిన వారసులను, కొనుగోలుదారులను కట్టిపడేస్తుంది. సొంత వాటా ఉండి కూడా నాటి దావాలో పేరు చేర్చని ఆడపడుచుకు మామూలుగా అది వర్తించదు. అలాగే, వేరెవరి భూమి గురించో సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం అన్ని కోర్టులకూ శిరోధార్యమే గాని, మీ పొలం ఎవరిదో అది తేల్చదు.

అసలు చిక్కు ఇంజంక్షన్ తీర్పులతోనే వస్తుంది. పొలంలోకి రాకుండా అవతలివారిని ఆపమని వేసిన దావాలో కోర్టు ముఖ్యంగా చూసేది స్వాధీనం ఎవరిదన్నదే. యాజమాన్యం గురించి దావాలో స్పష్టంగా చెప్పి, దానిపై ఇష్యూ పెట్టి, సాక్ష్యం విని తేల్చినప్పుడే ఆ నిర్ణయం తర్వాతి హక్కు దావాకు అడ్డు వస్తుంది. అందుకే ‘గెలిచాం’ అన్న చివరి పేజీ కన్నా ఇష్యూలున్న పేజీని శ్రద్ధగా చదవమని నేను గట్టిగా చెబుతాను. తహశీల్దారు ఇచ్చిన మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) ఉత్తర్వు యాజమాన్యాన్ని తేల్చే తీర్పు కానే కాదు.

కేసు ఎలా ముగిసిందో కూడా చూడాలి. విచారణాధికారం లేదని కొట్టేసిన దావాలో హక్కు తేలనట్టే. మోసంతో సంపాదించిన డిక్రీనైతే తర్వాతి దావాలోనూ సవాలు చేయవచ్చు.

ఇవన్నీ సరిపోతే, జవాబు దావాలోనే ఈ అభ్యంతరం రాసి, దానిపై ఇష్యూ పెట్టమని కోరండి. పాత కాగితాలన్నీ పోల్చి చూడవలసిన విషయం కనుక, కేవలం దీన్ని చూపి దావాను ఆరంభంలోనే తిరస్కరించడం సాధారణంగా కుదరదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కాబట్టి ఆ నకళ్లను సాక్ష్యంగా దాఖలు చేసి ఎగ్జిబిట్ నంబర్లు వేయించుకునే వరకు వెంటపడాలి.