జావలా మారిన పూసలు

విశాఖపట్నంలోని మా ప్రయోగశాలలో, కర్రపెండలం పిండిని గ్లూకోజుగా విడగొట్టే ఆస్పర్‌జిల్లస్ నైగర్ బూజునూ, ఆ గ్లూకోజును ఇథనాల్‌గా మార్చే ఈస్టునూ కాల్షియం ఆల్జినేట్ (సముద్రపు నాచు జిగురును కాల్షియంతో గట్టిపరిచిన జెల్) పూసల్లో కలిపి బంధించాను. మూడో రోజుకల్లా అవి సగ్గుబియ్యం జావలా విడిపోయాయి. మొదట ఈ ఊరి ఉక్కపోతను అనుమానించాను గానీ, గది చల్లబరిచినా ఫలితం మారలేదు. అసలు దోషం, ద్రవం ఆమ్లత మారకుండా ఉంచడానికి నేను వాడిన సిట్రేట్ బఫరుది: ఆల్జినేట్ గొలుసులను కలిపి పట్టి ఉంచే కాల్షియాన్ని సిట్రేట్ లాగేసుకుంటుంది, ఫాస్ఫేట్ ఎక్కువైనా ఇదే ముప్పు. దాని స్థానంలో పీహెచ్ 5 వద్ద ఎసిటేట్ బఫరు వాడి, ద్రవంలో కొద్దిగా కాల్షియం క్లోరైడ్ కలిపాను. పూసలు వరుసగా నాలుగు విడతలు గట్టిగా నిలిచాయి. కొన్ని మాత్రం ఈస్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి పగిలాయి. సన్నని సూదితో చిన్న పూసలు చేశాక ఆ బెడదా తగ్గింది.