ఆసుపత్రిని పొగ రహిత ప్రాంగణంగా మార్చడం ఎలా?

ఆసుపత్రిలో ధూమపానాన్ని నిషేధించాలని నిర్ణయించగానే చాలా యాజమాన్యాలకు తోచే మొదటి ఆలోచన, పొగ తాగేవారికి విడిగా ఒక గది కేటాయించడం. ఆ ఆలోచనను మొదట్లోనే విరమించుకోవాలి. 2005లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికలోని 8వ అధికరణానికి 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు, ప్రత్యేక గదులూ గాలి శుద్ధి యంత్రాలూ ఇతరులను పొగ నుంచి కాపాడలేవని స్పష్టంగా చెబుతున్నాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ నడవాలోకి వస్తుంది. ఆ గదిని ఊడ్చే కార్మికుడు దానిని పీల్చక తప్పదు.

కాబట్టి నిషేధం ప్రహరీ లోపలి స్థలమంతటికీ వర్తించాలి. మెట్ల దారులు, మేడపైభాగం, వాహనాలు నిలిపే చోటు, క్యాంటీన్, అంబులెన్సులు అన్నీ అందులోకి వస్తాయని నియమావళిలో పేరుపేరునా రాయాలి. ఈ-సిగరెట్లనూ చేర్చాలి. ప్రాంగణంలో పొగాకు అమ్మకాన్ని ఆపి, బూడిద పళ్లాలను తొలగించాలి.

అమలు తేదీని కొన్ని నెలల ముందే ప్రకటించి, ఆ వ్యవధిని సిబ్బంది కోసం వినియోగించాలి. వారిలో మానదలచినవారికి కౌన్సెలింగ్, మందులు ఆసుపత్రే ఉచితంగా సమకూర్చడం ఉత్తమం. ఆపరేషన్ థియేటర్ వెనుక సీనియర్ వైద్యుడు సిగరెట్ వెలిగించడం ఎవరైనా చూశారంటే, గేటు దగ్గరి కాపలాదారు మాటకు ఇక విలువ ఉండదు.

అసలు శ్రమంతా రోగుల విషయంలోనే ఉంది. చేరిన ప్రతి ఒక్కరినీ పొగాకు అలవాటు గురించి అడిగి, మందుల అలర్జీని నమోదు చేసినట్టే కేసు షీటులో రాయాలి. చివరి సిగరెట్ తరువాత కొన్ని గంటల్లోనే చిరాకు, ఆందోళన, ఏకాగ్రత లోపం మొదలై, తొలి రోజుల్లో తీవ్రంగా ఉంటాయి. వీటిని మొండితనంగా పొరబడి రోగిని మందలించడం కన్నా, వైద్యుడు తగునని భావిస్తే చేరిన పూటే నికోటిన్ (పొగాకులో అలవాటు పట్టించే పదార్థం) కొద్దికొద్దిగా అందించే, చర్మానికి అంటించే ప్యాచ్, చూయింగ్ గమ్ ఇవ్వడం మేలు. అర్ధరాత్రి చేరినవారు ఉదయం రౌండ్ల వరకు వేచి ఉండనవసరం లేకుండా ఇవి వార్డులోనే నిల్వ ఉండాలి.

మందుల మోతాదు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పొగలోని రసాయనాలు కాలేయంలోని ఒక ఎంజైమును చురుకుగా ఉంచి, క్లోజపిన్, ఓలాంజపిన్ (మానసిక వ్యాధులకు వాడేవి), థియోఫిలిన్ (ఆయాసానికి వాడేది) వంటి మందులను త్వరగా విచ్ఛిన్నం చేయిస్తాయి. పొగ ఆగితే రక్తంలో వాటి స్థాయి పెరిగి హాని జరగవచ్చు. ఈ ప్రభావానికి కారణం నికోటిన్ కాదు గనుక ప్యాచ్ దీనిని నివారించదు. మానసిక వైద్య విభాగంలో ఇది మరీ ముఖ్యం. సత్ప్రవర్తనకు బహుమతిగా సిగరెట్ ఇచ్చే పాత పద్ధతి ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే దానిని వెంటనే ఆపాలి.

ఆక్సిజన్ పెట్టుకున్న రోగి మరుగుదొడ్డిలో చాటుగా సిగరెట్ వెలిగించడం అన్నిటికన్నా ప్రమాదకరం. ఆక్సిజన్ తాను మండదు గాని బట్టలలో, పరుపులో నిలిచి ఉండి చిన్న నిప్పురవ్వను సైతం క్షణాల్లో పెద్ద మంటగా మారుస్తుంది. అటువంటివారి అగ్గిపెట్టెలు, లైటర్లు చేరినప్పుడే తీసుకుని బంధువులకు అప్పగించాలి.

రోగి గురించిన ఆందోళనలో ఉన్న బంధువులే బయట ఎక్కువగా పొగ తాగుతుంటారు. వారితో ఎలా మాట్లాడాలో కాపలా సిబ్బందికి ముందే నేర్పాలి: మర్యాదగా నియమం చెప్పి, గేటు ఎటు ఉందో చూపి, మానాలనుకుంటే సహాయం ఎక్కడ దొరుకుతుందో తెలిపితే చాలు. వాదనకు దిగనవసరం లేదు.

మంచం దగ్గర చెప్పిన సలహా డిశ్చార్జితో ముగిసిపోతే ఫలితం తక్కువ. ఆసుపత్రిలో మొదలైన సహాయం ఇంటికి వెళ్లిన తరువాత కనీసం ఒక నెల కొనసాగినప్పుడే మానేవారి సంఖ్య పెరుగుతున్నట్టు అధ్యయనాల సమీక్షలు చూపుతున్నాయి. అందుచేత డిశ్చార్జి కాగితంలో ప్యాచ్‌లు ఎన్నాళ్లు వాడాలో, ఎలా ఉన్నారో అడిగే ఫోన్ ఆసుపత్రి నుంచి ఏ తేదీన వస్తుందో, ఎవరు చేస్తారో రాయాలి.

అమలు తీరు తెలుసుకోవడానికి ఫిర్యాదుల పుస్తకం కన్నా పారిశుద్ధ్య సిబ్బంది ఎక్కువ ఉపయోగపడతారు. వారంవారం నిర్ణీత ప్రదేశాలలో సిగరెట్ పీకలను లెక్కించి, ఎక్కువగా దొరికిన చోటికి కాపలా వేళలను మార్చాలి. అవి సిబ్బంది విశ్రాంతి గది దగ్గరే దొరుకుతుంటే కౌన్సెలర్‌ను ముందుగా అక్కడికి పంపాలి.